సంచిలో మెట్టెలు, నోట్లో మాయ పాఠం

తణుకులో మా వీధి గర్భిణులు నన్ను చూస్తే తలుపు వేసుకుంటారు. వాళ్ళ తప్పేమీ లేదు. కాలేజీలో ముప్పై రెండేళ్ళు జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాక నాకు మిగిలిన వ్యసనం ఒక్కటే, మాయ గురించి మాట్లాడటం. మాయ అంటే బిడ్డ పుట్టాక వెనకే బయటికొచ్చే ఆ గుండ్రటి మాంసపు ముద్ద. మా వైపు మావి అని కూడా అంటారు. అది బిడ్డకు తిండి అందించే గొట్టమని అందరూ అనుకుంటారు. నిజానికి అది తల్లి ఒంట్లో అద్దెకు దిగి ఇంటివాళ్ళ మీదే పెత్తనం చేసే రకం. హార్మోన్లను పంపి నెలసరి ఆపుతుంది. చక్కెరంతా నువ్వే వాడుకోకు, లోపలున్నదానికి కొంచెం ఉంచు అని తల్లికి కబురు పెడుతుంది. చిన్న చిన్న ప్రోటీన్లను పంపి, రక్తనాళాలను కాస్త వదులు చేయమంటుంది. కబుర్లన్నీ సవ్యంగా సాగితే ఎవరికీ ఏమీ తెలియదు. అవి తప్పితే మాత్రం బీపీ, షుగరు, ఫిట్సు.

తెలంగాణలో ఒక స్వచ్ఛంద సంస్థవాళ్ళు ఈ సంగతే ఆశా కార్యకర్తలకు చెప్పమని పిలిచారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, మూడు రోజులు, మూడు పాఠాలు. డబ్బులిచ్చినా వినేవాళ్ళు దొరకని నాకు దారి ఖర్చులిచ్చి వినిపించుకుంటామన్నారు. వారం రోజులు కూర్చుని నాలుగడుగుల గుడ్డ మీద మాయ బొమ్మ వేశాను. ఎర్ర రంగు, నీలం రంగు, బాణం గుర్తులు. మా ఆయన చూసి దుప్పటి బాగుందన్నాడు.

జనగామ

బస్టాండులో నాకోసం ఎదురుచూసిన మనిషి యాదమ్మ. ఊళ్ళ వెంట తిరిగే నర్సు. నలభై అయిదేళ్ళుంటాయి. మూడు రోజులూ నాకు తోడు ఆవిడే. నన్ను కింది నుంచి పైదాకా చూసి, "మాయ మేడం మీరేనా?" అంది. అప్పటి నుంచి మూడు జిల్లాల్లోనూ నాకు అదే పేరు.

ముందు టిఫిను. మా వైపు పొద్దున్నే ఇడ్లీకి ఇచ్చే మర్యాద ఇక్కడ సర్వపిండికి ఇవ్వచ్చు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కారం కలిపి, గిన్నెకు లోపలివైపు అద్ది, వేళ్ళతో చిల్లులు పొడిచి కాలుస్తారు. ఒక్కోటి ఇరవై రూపాయలు. రెండు తిన్నాను, మూడోది కట్టించుకున్నాను. పాఠంలో నేను మితాహారం గురించి చెప్పినప్పుడు యాదమ్మ దగ్గింది.

పాఠానికి రఘునాథపల్లి, జఫర్‌గఢ్, తరిగొప్పుల వైపు నుంచి పాతికమంది దాకా వచ్చారు. గంట సేపు అనర్గళంగా చెప్పాను. ఏమైనా సందేహాలున్నాయా అంటే తరిగొప్పుల నుంచి వచ్చిన ఒకావిడ లేచింది. నేను సంతోషంగా ముందుకు వంగాను.

"మేడం, మీరు గంటల నూట పన్నెండుసార్లు అండి అన్నరు. నేను ఏళ్ళ మీద లెక్కవెట్టిన. హార్మోను అండి, ప్రోటీను అండి. మాయకు గుడ అండి పెట్టిన్రు."

హాలంతా గొల్లుమంది. ఈ యాసను సినిమాల్లో రౌడీల నోట పెట్టి మావాళ్ళు ఎన్నేళ్ళు నవ్వుకున్నారో నాకు తెలుసు. బాకీ కొంచెం తీరిందనుకుని నేనూ నవ్వాను.

నవ్వుతూ గుడ్డ బొమ్మ చుడుతుంటే మెడలో గొలుసు దానికి చిక్కుకుని కొక్కెం తెగింది. యాదమ్మ నన్ను బజారు వెనక సందులో ఒక అవుసులాయన దగ్గర కూర్చోబెట్టి వేరే పని మీద వెళ్ళింది. అవుసులాయన అంటే కంసాలి. పేరు బ్రహ్మచారి, కూతుళ్ళు నలుగురు. వాళ్ళ కులంలో ఆ పేరు మామూలేనట. నా నవ్వు ఆగడానికి టీ తెప్పించారు.

కొక్కెం అతుకుతూ ఆయన అడిగాడు. "గర్భిణోళ్ళ పాఠం చెప్పొచ్చిన్రంట గదా? మాకు గుడ ఆ గిరాకే మేడం. ఏడో నెలల ఒకపారి, తొమ్మిదో నెలల ఒకపారి మెట్టెలు సాగదీపిచ్చుకుంటరు. తీసి పక్కకు పెట్టరాదు అంటె, పెనిమిటి ఉండంగ మెట్టెలు తీస్తరా అని నా మీదికే వస్తరు."

నా వ్యసనానికి ఇంత అవకాశం చాలు. మాయ పంపే హార్మోన్ల వల్ల ఒంట్లో నీరు నిలుస్తుందనీ, కాళ్ళు కాస్త వాయడం చాలామందికి మామూలేననీ, కంగారు పడనక్కర్లేదనీ విడమరచి చెప్పాను. ఆయన ఊదుగొట్టం పక్కన పెట్టి శ్రద్ధగా విన్నాడు.

"మామూలేనా? మంచిదాయె. మా చెల్లె బిడ్డ రమ్యను భూపాలపల్లి అవుతల ఇచ్చినం. ఎనిమిదో నెల. పది రోజులల్ల రెండుసార్లు పోయి సాగదీసొచ్చిన. ఇగ సాగవు, తెగుతయ్. అందుకే కొత్తయి చేసిన. మీరు ఎల్లుండి అటే పోతున్నరంట, జర ఇస్తరా?"

ఎరుపు కాగితంలో చుట్టిన వెండి మెట్టెల జత చేతిలో పెట్టాడు. హ్యాండ్‌బ్యాగులో, సర్వపిండి పొట్లం పక్కన వేసుకున్నాను. పది రోజుల్లో రెండుసార్లు అన్నమాట నా చెవిన పడింది. పడింది, అంతే.

మానుకోట

మహబూబాబాద్‌ను ఊరివాళ్ళు మానుకోట అనే అంటారు. దారి పొడుగునా కళ్ళాల్లో మిర్చి ఎండుతూ ఉంది. మా గోదావరి మనిషికి పచ్చదనం చూడటం అలవాటు. ఇంత ఎరుపు ఒక్కచోట చూసి కారు ఆపించాను, దిగాను, పదకొండు తుమ్ములు తుమ్మి మళ్ళీ ఎక్కాను. వాటిని కూడా యాదమ్మ లెక్కపెట్టింది.

హాలుకు చేరాక తెలిసింది, గుడ్డ బొమ్మ లేదు. ఆ పొద్దున బయల్దేరే ముందు జనగామ టిఫిను హోటల్లో మరచిపోయాను. ఫోను చేస్తే ఆయన చాలా మర్యాదగా, "గోబీపువ్వు బొమ్మనా? ఉన్నది మేడం, గల్లా మీద ఎండ పడుతుంటె అడ్డం కట్టినం" అన్నాడు.

బొమ్మ లేకుండా పాఠం చెప్పడం నాకు రాదు. తల ప్రాణం తోకకొచ్చింది. యాదమ్మ బయటికెళ్ళి, మధ్యాహ్నం భోజనానికి తెచ్చిన జొన్నరొట్టెల్లో మందమైనదొకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. "గిదే మాయ. చెప్పుర్రి." నిజానికి కొలత సరిగ్గా సరిపోయింది. దానికి నూలు దారం గుచ్చి బొడ్డుతాడు చేశాను. ఒకవైపు తల్లి, ఒకవైపు బిడ్డ. నా ముప్పై రెండేళ్ళ సర్వీసులో ఏ పటంతోనూ ఎవరికీ ఇంత తేలిగ్గా అర్థం కాలేదు. ముందు వరుసలో ఉన్న బుజ్జి అనే లంబాడా ఆశా కార్యకర్త ఒక్కతే చేయి ఎత్తింది.

"మేడం, పాఠం అయినంక దీన్ని తినాల్నా?"

వద్దులెండి అన్నాను. బుజ్జి ఊరుకునే మనిషి కాదు. ఇంట్లోవాళ్ళతో ఫోనులో తన భాషలో మాట్లాడుతూనే, మధ్యలో నాకు తెలుగులో ప్రశ్నలు వేసింది. కాళ్ళవాపు మామూలే అని నేను జనగామలో చెప్పిన మాటే ఇక్కడా చెప్పబోతుంటే అడ్డం వచ్చింది.

"మా అమ్మమ్మ మంత్రసాని మేడం. బీపీ మిషనంటె ఏందో ఎరుగదు. కడుపుతోని ఉన్నామె చెయ్యి వట్టుకొని గాజులు తిప్పి సూసేది. తిరిగితె మంచిదే. పోయినవారం తిరిగి ఈ వారం తిరుగకపోతె, దవాఖానకు నడువు అనేది. వాపు ఉన్నదా లేదా కాదు, ఎన్ని దినాలల్ల వచ్చింది అన్నది సూడాలె అనేది."

"చాలా చక్కగా చెప్పారండి" అన్నాను. నోట్‌బుక్కులో రాసుకున్నాను కూడా. రాసుకుని, కింద గీత గీసి, పాఠం కొనసాగించాను. చదువుకున్నదాన్ని కదా.

భోజనాల దగ్గర చేతిరుమాలు తీస్తే ఎర్ర కాగితం జారి కంచంలో, వాళ్ళు తొక్కు అనే మిర్చి పచ్చడి మీద పడింది. యాదమ్మ తీసి విప్పింది.

"ఇవేంది మేడం, ఇంత ఎడల్పున్నయ్? కాలి ఏలికా, చేతి ఏలికా?"

చెప్పాను. జనగామ కంసాలి, మేనకోడలు, ఎనిమిదో నెల, పది రోజుల్లో రెండుసార్లు. చివరి మాట అంటుండగానే నా గొంతు నాకే వినిపించింది. బుజ్జి తినడం ఆపేసింది. నిన్నటి నుంచి నేను ఏ ప్రమాదం గురించి ఊదరగొడుతున్నానో, దాని కబురు నా సంచిలోనే ఉంది. పైగా ఆ మేనమామకు కంగారు పడవద్దని చెప్పి వచ్చింది నేనే.

బ్రహ్మచారి దగ్గర నంబరు తీసుకుని రమ్య ఇంటికి ఫోను చేశాను. అత్తగారు ఎత్తింది. పేరు భాగ్యవ్వ. నేను జాగ్రత్తగా అడిగాను, అమ్మాయికి తలనొప్పి ఏమైనా ఉందా అండి అని.

"ఎందుకుండదు? పొద్దంత ఫోను సూస్తె తలకాయ నొయ్యదా? బాము రాస్తున్న. కండ్ల ముంగట మిణుగురులు ఎగురుతున్నయంటది. ఫోనుల మిణుగురులే గదా!"

వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళమన్నాను. ఎల్లుండి సీమంతమనీ, రేపు అమావాస్య అనీ, చుట్టాలకు చెప్పేశామనీ, అమ్మాయి ఒళ్ళు చేసి ముద్దొస్తోందనీ, నేనూ రావాలనీ ఆవిడ చెప్పి ఫోను పెట్టేసింది. యాదమ్మ అంబులెన్సుకు చేసింది. ముప్పావు గంట తర్వాత వాళ్ళే తిరిగి ఫోను చేశారు. ఇంట్లో అందరూ బాగున్నారట, టీ ఇచ్చి పంపించారట.

దారి

మర్నాటి దాకా ఆగకుండా అప్పుడే భూపాలపల్లికి బయల్దేరాం. కారు కదిలాక యాదమ్మ అడిగింది. "ఆ అవుసులాయనకు మామూలే అని చెప్పింది ఎవరు?"

"నేనేనండి."

ఎవరైనా భయపడతారేమోనని చదువుకున్నవాళ్ళం ఒక మాట మెత్తగా చెబుతాం. ఆ మెత్తదనం మీద ఒక పిల్ల ప్రాణం పడి ఉంది. నాకు చాలా భయం వేసింది, రాయడానికి సిగ్గేమీ లేదు. ములుగు దాటాక అడవి మొదలైంది, బొగ్గు లారీలు ఎదురొచ్చాయి. నేను చూశానే కానీ ఏమీ గుర్తు లేవు. కట్టించుకున్న సర్వపిండి సంచిలోనే ఉండిపోయింది.

భూపాలపల్లి అవతల

సాయంత్రం నాలుగింటికి ఇల్లు చేరాం. హాలు నిండా పంచె పరిచి అయిదుగురు ఆడవాళ్ళు సీమంతానికి సకినాలు చుడుతున్నారు. పిండిని వేళ్ళ మధ్య మెలి తిప్పుతూ గుండ్రంగా వరసలు పెట్టే పని. మమ్మల్ని చూసి ముందే వచ్చిన చుట్టాలనుకుని జరిగి చోటిచ్చారు. మా వైపు ఇంటికొచ్చిన పెద్దావిడకు ముందు కుర్చీ వేస్తారు. ఇక్కడ నా చేతికి పిండి ముద్ద ఇచ్చారు.

రమ్య గోడకు ఆనుకుని, నుదుటి మీద తడిగుడ్డ వేసుకుని కూర్చుంది. ఇరవై మూడేళ్ళ పిల్ల. కనురెప్పలు ఉబ్బి కళ్ళు సగమే తెరుచుకున్నాయి. కాలి వేళ్ళలో మెట్టెలు కనబడటం లేదు, మాంసంలో దిగిపోయాయి. "మామ పంపిండా?" అని నవ్వింది. తర్వాత మెల్లగా, "మేడం, అక్షరాలు రెండు రెండు కనవడుతున్నయ్" అంది.

నేను నోరు తెరవబోతే యాదమ్మ మోచేత్తో పొడిచింది. ఈ ఊళ్ళవాళ్ళతో ఇరవై ఏళ్ళు మసలిన మనిషి. బీపీ మిషను తీసి, సకినాల పంచె మధ్యలో పెట్టి, అందరికీ చూస్తానంది. భాగ్యవ్వ వెంటనే పిండి చేయి చాపింది. "ముందు నాకు సూడు. నాకు కాళ్ళు గుంజుతున్నయ్."

"నూటిరవై బై ఎనభై. బంగారం లెక్కున్నది" అంది యాదమ్మ. మిగతా నలుగురికీ చూసింది. అందరికీ అటూ ఇటూ అంతే. పట్టీ నిండా పిండి. అప్పుడు రమ్యకు చుట్టింది. ఒకసారి చూసింది, ఆగి మళ్ళీ చూసింది.

"నూట డెబ్బై బై నూటపది."

భాగ్యవ్వ ముఖం చిట్లించింది. "నీ మిషను ఖరాబైనట్టుంది. నాకు యాభై ఎనిమిదేండ్లు. దానికి ఇరవై మూడు. నా కంటె దానికి ఎక్కువ ఎట్లుంటది?"

"మల్ల నీకు పెడుత, సూడు." పెట్టింది. మళ్ళీ నూటిరవై.

గదిలో పిండి మెలిపెట్టే చేతులన్నీ ఆగిపోయాయి. నా గంట పాఠం చేయలేని పని ఆ రెండు అంకెలు చేశాయి. అమావాస్య గురించి ఎవరో గొణిగారు. భాగ్యవ్వ చేతులు కొంగుకు తుడుచుకుని లేచింది.

"సకినాలు ఎవలు తింటరో తినని. బండి తియ్యిర్రి."

దవాఖాన

పెద్ద దవాఖానలో డాక్టరమ్మ రమ్యను చూసి మాతో మాటలు పెట్టుకోలేదు. ఫిట్సు రాకుండా ఇంజెక్షను, బీపీకి మందు, మూత్రం పరీక్ష, ఆపరేషనుకు సంతకం. మెట్టెలు అక్కడే కత్తిరించారు, ఎవరూ అడ్డు చెప్పలేదు. నా సంచిలోవి భాగ్యవ్వకు ఇచ్చేశాను. రమ్య భర్త బొగ్గు గనుల దగ్గర వెల్డింగు పని నుంచి అలాగే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. దీపాలు పెట్టే వేళకు ఆడపిల్ల పుట్టింది. కిలో ఎనిమిది వందల గ్రాములు. ఏడ్చింది, గట్టిగానే. రమ్యను ఇంకా రెండు రోజులు కనిపెట్టి చూడాలనీ, ఇంకొక్క రోజు ఆగి ఉంటే తన చేతుల్లో ఏమీ ఉండేది కాదనీ డాక్టరమ్మ చెప్పింది.

బెంచీ మీద నా పక్కన కూర్చుని భాగ్యవ్వ ఏడ్చింది. అందరిలా మేడం, మీరు అనకుండా ఆవిడ నన్ను అక్కా, నువ్వు అంటోంది. ముందు నొచ్చుకున్నాను కానీ, ఆ రాత్రికి అందులో ఉన్న చనువు నాకు అర్థమైంది.

"నేనే సేసిన అక్కా. రోజు బువ్వల తొక్కు ఏసి పెట్టిన. ఉప్పు నా చేతులార పెట్టిన. నువ్వు సదువుకున్నదానివి, చెప్పు, నాదే గదా తప్పు?"

"ఉప్పు కాదండి. ఎవరి తప్పూ కాదు" అన్నాను. ఈసారి మెత్తగా చెప్పాలనుకోలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాలనుకున్నాను. "మొదటి నెలల్లోనే మాయ సరిగ్గా లోపలికి నాటుకోలేదు. దానికి వచ్చే రక్తం చాల్లేదు. తనకే లేదు, బిడ్డకు పెట్టాలి. అందుకని తల్లి ఒంట్లోకి ప్రోటీన్లు వదిలింది, అరిచినట్టు. అవి ఎక్కువైపోయి, రక్తనాళాలను వదులు చేసే మంచి ప్రోటీన్లను కూడా పట్టి ఆపేశాయి. నాళాలు బిగుసుకుని బీపీ పెరిగింది. మాయ బయటికి వస్తే తప్ప తగ్గడం మొదలవదు. ఇప్పుడు వచ్చేసింది."

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"అంటె, అది ఆకలికి ఒర్లిందంటవా?"

అది ఆకలికి అరిచిందని నా పుస్తకాల్లో ఎక్కడా లేదు. "అవునండి, అలాగే అనుకోండి" అన్నాను.

ఆవిడ లేచి వెళ్ళి, ఇంటి దగ్గర పాతిపెడతామని నర్సును మాయ అడిగింది. ఇంటికి ఇవ్వడానికి రూల్సు ఒప్పుకోవని నర్సు చెప్పింది. రెండుసార్లు అడిగి, తిరిగి వచ్చి కూర్చుంది.

మర్నాడు పొద్దున

రమ్య బీపీ దిగుతోంది. నన్ను గుర్తుపట్టి, ఇప్పుడు ఒక్కదానిలాగే కనబడుతున్నావంది. పాప గాజు పెట్టెలో ఉంది, నా గుప్పెడంత ముఖంతో. భూపాలపల్లి పాఠం పదకొండింటికి. యాదమ్మ అప్పటికే ఎక్కడో జొన్నరొట్టె సంపాదించింది.

ఇంటి నుంచి క్యారియరు వచ్చింది. ఆవరణలో గోడ పక్కన కూర్చుని భాగ్యవ్వ నాకు వేడివేడి అన్నం, పప్పు పెట్టింది. తను తినబోయే ముందు మొదటి ముద్ద విస్తరాకు ముక్కలో పెట్టి, గోడ వారన మట్టి మీద ఉంచింది. కాకులకా అని అడిగాను.

"కాకులకెందుకు? దానికే. మా ఇంట్ల అయితె వాకిట్ల బొందవెట్టి దీపం ముట్టిస్తుంటిమి. ఈడ ఇయ్యకపాయిరి. ఎనిమిది నెలలు అది ఆకలితోని ఉండి, మా పిల్లను సాదింది గదా అక్కా. ఉత్త కడుపుతోని ఎట్ల పంపుత?"

నేను ముప్పై రెండేళ్ళు మాయ గురించి చెప్పాను. ఎన్ని హార్మోన్లో, ఎన్ని ప్రోటీన్లో, ఏది ఎప్పుడు పెరుగుతుందో, ఏది ఎందుకు తగ్గుతుందో వేలమంది చేత పరీక్షలు రాయించాను. దానికి ఒక ముద్ద పెట్టాలని నాకెప్పుడూ తోచలేదు. కళ్ళు తుడుచుకుంటుంటే భాగ్యవ్వ నా కంచం వైపు చూపించింది.

"నువ్వు గుడ ఒక ముద్ద పెట్టు అక్కా. మా అందరికంటె నువ్వే గదా దాన్ని ఎక్కువ ఎరిగినదానివి."

పప్పూ అన్నం బాగా కలిపి, పెట్టాను.